పంపినవారి పూచీ: ఉపాధి పనుల్లో ప్రాణ రక్షణ గురించి
(కొత్తవాడ, వరంగల్లు: స్మారకోపన్యాసం)

స్మారకోపన్యాసంలో ఒక పెద్ద మనిషిని తలుచుకుని, ఆయన నమ్మిన విషయం మీద మాట్లాడటం ఆనవాయితీ. ఇవాళ ఆ ఆనవాయితీని కాస్త జరిపి, పదిమందిని తలుచుకుంటూ మొదలుపెడతాను. 2019 ఏప్రిల్ 10న, అంటే లోక్‌సభ పోలింగుకు ఒక్క రోజు ముందు, నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో ఉపాధి హామీ పనికి వెళ్లిన పదిమంది మహిళలు మట్టిదిబ్బ కూలి చనిపోయారు. వాళ్లు పలుగు ఎత్తిన క్షణంలో కాదు, ఎండకు తాళలేక ఆ దిబ్బ వారన నీడకు కూర్చున్నప్పుడు అది విరిగి మీద పడింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలు తీసి చూడండి. పనిచోట ఏమేమి ఉండాలో అందులో రాసిపెట్టారు: తాగునీరు, పిల్లలకూ విశ్రాంతి వేళకూ నీడ, ప్రథమ చికిత్స పెట్టె. నీడ అన్న మాట చట్టంలో ఉంది. తీలేరు ఆడవాళ్లకు ఆ మధ్యాహ్నం దొరికిన నీడ మాత్రం దిబ్బ నీడ. కాగితం మీది నీడకూ నేల మీది నీడకూ మధ్య ఉన్న ఆ కొద్ది దూరమే నా ఇవాళ్టి విషయం.

నా వాదన ఒక్క వాక్యంలో చెప్పేస్తాను, తర్వాత దాన్ని విడమరిచి చూద్దాం. పని లేని మనిషిని ఒక పనికి పంపే అధికారం ఎవరిదో, ఆ పనిచోట ఆ మనిషి ప్రాణానికి పూచీ కూడా వారిదే. మామూలు కూలికి ఇచ్చే రక్షణ కంటే అలా పంపిన మనిషికి ఇచ్చే రక్షణ ఒక పాలు ఎక్కువే ఉండాలి. కారణం ఇది. చట్టం, తనిఖీ, సంఘం ఏవీ చేరని చోట కూడా కూలి మనిషికి చివరి రక్షణ ఒకటి మిగులుతుంది: లేచిపోవడం. గోడ ఒరిగేలా ఉంటే తట్ట కింద పడేసి మరో మేస్త్రీ దగ్గరికి పోవచ్చు. ఆ పూట కూలి పోతుంది, ప్రాణం దక్కుతుంది. సర్కారు చూపించిన పనికి వెళ్లినవారికి ఈ దారి ఇరుకైపోతుంది, ఎందుకంటే అక్కడ పని వదలడమంటే దానితో ముడిపెట్టిన సాయాన్ని కూడా వదలడమే. లేచిపోయే దారిని ఇరుకు చేసినవారు, కూర్చున్న చోటు భద్రంగా ఉందో లేదో చూడాలి. దీన్ని దయ అనడానికి లేదు, లెక్క ప్రకారం తేలే బాకీ ఇది.

తెలంగాణ పల్లెల్లో ఉపాధి హామీ పనిని ఈనాటికీ చాలామంది ‘కరువు పని’ అంటారు. ఆ పేరులో నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1876–78 ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయినప్పుడు మద్రాసు ప్రభుత్వం సాయాన్ని పనితో ముడిపెట్టింది. ఒళ్లు వంచగలిగినవాడు రాళ్లు కొట్టాలి, మట్టి మోయాలి, అప్పుడే గింజలు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు కూలీలు తవ్వినదే. 1877లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ పెట్టిన కొలత ప్రకారం ఒక మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, చేతిలో కొద్దిపాటి చిల్లర. ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి కరిగిపోతాడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు, చివరికి కూలి పెంచక తప్పలేదు. పని కష్టంగా, ఇంటికి దూరంగా, కూలి తక్కువగా ఉంటేనే నిజమైన పేదవాడు వస్తాడన్నది ఆనాటి పాలకుల నమ్మకం. ఆ పద్ధతికి ‘పరీక్ష’ అనే పేరు కూడా పెట్టారు. ఆకలిగొన్నవాడి నిజాయితీని పరీక్షించడానికి వాడి ఒంటిని సాధనం చేసుకున్నారు. పనిచోటు సౌకర్యంగా ఉంటే సోమరులు చేరతారన్న అనుమానం పుట్టింది ఇక్కడే. ఈనాటి పథకాల్లో నీళ్ల కుండనూ నీడనూ అదనపు ఖర్చుగా చూసే చూపుకు కూడా మూలం అదే.

అంత కఠినమైన కాలంలోనూ ఒక్క విషయం పాలకులకు అర్థమయింది, అది ఈ కొత్తవాడలో నిలబడి చెప్పుకోవలసిన విషయం. నేతగాణ్ణి రాళ్లు కొట్టడానికి పంపితే కరువు పోయాక వాడు మళ్లీ మగ్గం మీద కూర్చోలేడు. పడుగు పోగు తెగినప్పుడు దాన్ని వెతికి పట్టుకునేది కన్ను కంటే ముందు వేలి కొస. ఆ కొస కాయ కాస్తే, పగిలితే, పోగు చిక్కదు, చిక్కినా గరుకు చర్మానికి తగులుకుని మళ్లీ తెగుతుంది. అందుకే కరువు నియమావళుల్లో నేతగాళ్లకు వాళ్ల పనిలోనే సాయం చేయాలన్న ఆలోచన చోటు చేసుకుంది. అక్కడ దాగిన సూత్రం మనకు ముఖ్యం: పనికి పంపేవాడు ఎవరిని పంపుతున్నాడో, ఆ ఒళ్లు ఏ పనికి తట్టుకుంటుందో ముందే చూసుకోవాలి. జంపఖానాలతో బతికిన ఈ వాడకు ఈ సంగతి కొత్తది కాదు. 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. 2018లో వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన మగ్గం వదిలినవారికి పని రాలేదు. పైగా 2005 చట్టం హామీ ఇచ్చింది గ్రామానికే. కొత్తవాడ నగరంలో ఉంది కాబట్టి ఇక్కడి నిరుద్యోగికి ఆ జాబ్ కార్డు లేదు. అతనికి మిగిలింది శిక్షణ, ఆ తర్వాత ప్లేస్‌మెంట్, లేదా అప్రెంటిస్ కాగితం. కాబట్టి నేను మాట్లాడేది పల్లెలో మట్టిపని గురించే కాదు, నగరంలో శిక్షణ పేరుతో యంత్రం ముందు నిలబెట్టే పని గురించి కూడా.

ఇక్కడ మొదటి అభ్యంతరం లేస్తుంది. మన దేశంలో ఎవర్నీ బలవంతంగా పనికి పంపడం లేదు కదా, అడిగినవారికే ఇస్తున్నారు, ఇష్టం లేనివారు మానుకోవచ్చు. పైకి ఇది నిజమే. వెట్టి అంటే ఏమిటో ఎరిగిన గడ్డ ఇది, దొర గడీకి పిలుపు వస్తే కాదనలేని రోజులతో ఉపాధి పనిని పోల్చడం అన్యాయమే అవుతుంది. అయితే రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించినప్పుడు కొరడాను మాత్రమే దృష్టిలో పెట్టుకోలేదని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో తేల్చింది. ఆకలి, గతిలేనితనం కూడా బలవంతమేనని, వాటిని ఆసరా చేసుకుని కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం ఆ నిషేధం కిందికే వస్తుందని చెప్పింది. మరుసటి ఏడాది రాజస్థాన్ కేసు మన విషయానికి ఇంకా దగ్గరిది. కరువు సహాయ పనుల్లో ఉన్నవారికి కార్మిక చట్టాలు వర్తించవంటూ ఆ రాష్ట్రం 1964లో ఒక మినహాయింపు చట్టం చేసుకుంది. అజ్మీర్ జిల్లాలో రోడ్డు పనిలో ఉన్నవారికి ఏడు రూపాయల కనీస కూలి కూడా ముట్టకపోతే సామాజిక కార్యకర్త సంజిత్ రాయ్ కోర్టుకెక్కారు. సాయం చేస్తున్నాను కాబట్టి తక్కువ ఇస్తానని ప్రభుత్వం అనకూడదని, కనీస వేతనం మేరకు ఆ మినహాయింపు చెల్లదని జస్టిస్ భగవతి, జస్టిస్ పాఠక్ 1983 జనవరిలో తీర్పు చెప్పారు. కూలి సంగతి అలా తేలింది. ప్రాణం సంగతి ఆ కేసులో చర్చకు రాలేదు. ఆకలి వల్ల వచ్చినవాడికి కూలి తగ్గించకూడదన్నది న్యాయమైతే, అదే ఆకలి వల్ల వచ్చినవాడి భద్రత తగ్గించకూడదన్నది అంతకంటే ముందు న్యాయం. తగ్గిన కూలిని తర్వాతైనా కట్టించవచ్చు, ప్రాణానికి ఆ వీలు లేదు.

2005 చట్టంలోనే ఈ బలవంతపు ఛాయ ఎక్కడుందో చూపిస్తాను. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్నది ఆ చట్టానికి వెన్నెముక. దాని పక్కనే తొమ్మిదో సెక్షన్ ఉంది. చూపించిన పనిని ఒప్పుకోకపోయినా, కబురు అందిన 15 రోజుల్లో పనిలోకి రాకపోయినా, అనుమతి లేకుండా వారం మించి మానేసినా మూడు నెలల పాటు భృతి అడిగే అర్హత పోతుందని అందులో రాశారు. మళ్లీ పని అడగవచ్చు, భృతి మాత్రం లేదు. పని చూపించాక రానివాడికి భృతి ఎందుకన్నది సబబైన ప్రశ్నే. కానీ ఆ సెక్షన్లో ఒక ముక్క లోపించింది: పనిచోటు ప్రమాదకరంగా ఉందని వెనక్కి తిరిగినవారికి ఈ శిక్ష వర్తించదన్న ముక్క. అది లేనందువల్ల సోమరితనంతో మానినవాడూ, పగుళ్లిచ్చిన గట్టును చూసి భయపడి మానినవాడూ చట్టం కంట ఒకటే అయిపోయారు. భృతి దేశంలో ఎంతమందికి ముట్టిందన్నది వేరే సంగతి. నియమం ఏ వైపు మొగ్గిందన్నదే ఇక్కడ ప్రశ్న.

ప్రభుత్వం దేన్ని లెక్కపెడుతుందో చూస్తే దేనికి పూచీ పడుతుందో తెలుస్తుంది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్ల మొబైల్ యాప్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ దొరకని గుట్ట మీద, పని చూసుకునే మేట్ ఫోన్ పైకెత్తి పట్టుకుని, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మనుషులను వరసగా నిలబెట్టి ఫోటో తీయాలి. మనిషి ఉన్నాడా లేడా అన్నదానికి రోజుకు రెండు సాక్ష్యాలు. ఆ మనిషి నిలబడ్డ చోట నీడ ఉందా, పెట్టెలో దూది ఉందా, తవ్విన గోడ నిటారుగా ఉందా వాలుగా ఉందా అన్నదానికి అదే ఫోన్లో అదే నియమంతో ఒక్క ఫోటో అయినా తీయించవచ్చు కదా. శిక్షణ పథకాల్లోనూ ఇదే తీరు. 2014లో మొదలైన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలన్నది షరతు. ప్లేస్‌మెంట్ లెక్క కుదిరితేనే శిక్షణ సంస్థకు డబ్బు కదులుతుంది. ఫలితం చూపమనడం మంచిదే. కానీ మొదటి నెలలో యంత్రంలో వేలు నలిగి ఇంటికి వచ్చిన అమ్మాయి ఆ లెక్కలో ‘మధ్యలో మానేసింది’ అన్న వరసలో కలిసిపోవచ్చు. మోసం కోసం వేసిన వల గట్టిగా ఉంది, ప్రమాదం కోసం వల వేయనేలేదు.

మనకు దారి తెలియక ఇలా జరుగుతోందా అంటే, కాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని చూడండి. పద్దెనిమిదో సెక్షన్‌లో అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాడని తేల్చి చెప్పింది. అంతటితో చేతులు దులుపుకోలేదు. ఫ్యాక్టరీల చట్టంలో ఆరోగ్యం, భద్రత, సంక్షేమం గురించిన అధ్యాయాలు అప్రెంటిస్‌కు కార్మికుడికి వర్తించినట్టే వర్తిస్తాయని పద్నాలుగో సెక్షన్, శిక్షణలో గాయపడితే యజమాని పరిహారం కట్టాలని పదహారో సెక్షన్ చెప్పాయి. ఇందులోని తెలివి గమనించాలి. కార్మికుడా కాదా అన్న పేచీని ఒక గదిలో పెట్టి, గాయపడితే ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నను వేరే గదిలో పెట్టింది. బోనసు, గ్రాట్యుటీ, సంఘం హక్కుల గురించి ఎంతైనా వాదించుకోవచ్చు. రంపానికి మాత్రం తన మీద పడ్డ చెయ్యి కార్మికుడిదో శిక్షణార్థిదో తెలియదు. అరవై ఏళ్ల కిందటే మన చట్టసభకు తట్టిన ఈ సంగతిని కొత్త పథకాలు మరిచిపోవడమే విచిత్రం.

ఆ మరుపు ఖరీదు ఎంతో రూపాయల్లో చూద్దాం. 1923 నాటి పరిహార చట్టం పద్ధతిలో, పనిలో చనిపోయిన మనిషి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న ఒక అంకెతో హెచ్చవేస్తారు. ఇరవై ఏళ్ల వయసుకు ఆ అంకె 224. 2020 జనవరిలో లెక్కలోకి తీసుకునే జీతం పరిమితిని 15,000 చేశారు. సగం 7,500, దాన్ని 224తో హెచ్చిస్తే 16,80,000 రూపాయలు. ఇప్పుడు 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం చూడండి. మొదట్లో నెలకు 5,000 భత్యం, దానితో పాటు ప్రభుత్వ బీమా. అందులో ప్రమాద బీమా సురక్షా బీమా యోజన, ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 2 లక్షలు. జీవన జ్యోతి బీమా మరో 2 లక్షలు కలిపినా 4 లక్షలే. ఉపాధి హామీ కూలికి 2005 చట్టం మొదట రాసుకున్న ఎక్స్‌గ్రేషియా 25,000. వయసు దాదాపు ఒకటే, పోయిన ప్రాణం ఒకటే. మనిషిని అక్కడికి చేర్చిన కాగితం రంగును బట్టి వెల మారిపోయింది. బీమా ఉంది కదా అని తృప్తి పడేవారికి ఒక్క మాట. పరిహారం యజమాని జేబులోంచి వస్తుంది కాబట్టి ప్రమాదం జరగకుండా చూసుకోవాలన్న ఆలోచన పుడుతుంది. ఇరవై రూపాయల బీమాకు అంత శక్తి లేదు.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఆస్ట్రేలియాలో నిరుద్యోగ భృతి కావాలంటే పథకం చెప్పిన పనికి వెళ్లాలన్న నియమం 1990ల చివరి నుంచి ఉంది. 2016 ఏప్రిల్‌లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం టూవూంబా ప్రదర్శన మైదానంలో అలా పంపిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ట్రాక్టరు లాగుతున్న ట్రెయిలర్ మీద నుంచి పడి చనిపోయాడు. ఆ పనికి వెళ్లినందుకు భృతి మీద అదనంగా ఇచ్చేది రెండు వారాలకు 20 డాలర్ల 80 సెంట్లు. ఆ దేశంలో భద్రతా చట్టం వలంటీరును, శిక్షణార్థిని కూడా రక్షించాల్సినవారి జాబితాలో చేర్చింది, ప్రమాదకరమైన పని ఆపే హక్కు కూడా ఇచ్చింది. అయినా ఆ హక్కు వాడుకుంటే భృతి ఆగుతుందేమోనన్న భయం ఉన్నంతకాలం అది పుస్తకంలోనే ఉంటుంది. అమెరికాలో 1997లో కార్మిక శాఖ, సంక్షేమ సాయం కోసం పని చేసేవారికి కూడా కనీస వేతన, భద్రతా చట్టాలు మామూలుగానే వర్తిస్తాయని మార్గదర్శకాలు ఇచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో భద్రమైన పనిచోటును ప్రాథమిక హక్కుల వరసలో చేర్చింది. ధనిక దేశమైనా, పేద దేశమైనా తప్పు జరిగే చోటు ఒకటే: పంపేది ఒకరు, చేయించుకునేది ఇంకొకరు, గాయపడితే ఇద్దరూ ఎదుటివాడి వైపు వేలు చూపిస్తారు.

మిగిలిన అభ్యంతరాలకు వస్తాను. ఇంత బరువు పెడితే కంపెనీలు శిక్షణార్థులను తీసుకోవు, పంచాయతీలు పనులు తెరవవు, చివరికి నష్టపోయేది నిరుద్యోగే అంటారు. భయం ఊహాజనితం కాదు. అందుకే బరువంతా పని ఇచ్చేవాడి నెత్తిన పెట్టమనడం లేదు, పంపినవాడు కూడా భుజం పట్టాలంటున్నాను. పరిహారం బాధ్యత ఇద్దరిదీ అయితే కంపెనీకి భారం తగ్గుతుంది, పంపే సంస్థకు చూసి పంపాలన్న జాగ్రత్త వస్తుంది. భద్రతకు అయ్యే ఖర్చు భరించలేని పనిచోటు ఏదైనా ఉంటే, ప్రజల డబ్బుతో అక్కడికి మనుషులను పంపడం మానుకోవడమే మేలు. మూడో అభ్యంతరం: ప్రమాదమని చెప్పి అందరూ పని ఎగ్గొడతారు. ఎగ్గొట్టేవాడికి ఇప్పుడు కూడా సాకులు కొదవ కాదు. నిరాకరించిన కారణం అదే రోజు మస్టరు (హాజరు పట్టీ) మీద రాసి, మేట్, ఫీల్డ్ అసిస్టెంట్ వచ్చి చూసి సంతకం పెడితే అబద్ధం ఒక్క పూట కూడా నిలవదు. నాలుగోది అన్నిటికంటే బరువైన ప్రశ్న: అడ్డా మీద నిలబడే లక్షల మంది కూలీలకే ఈ రక్షణ లేనప్పుడు వీరికే ఎందుకు? అడ్డా కూలీకి కూడా ఉండాలి, అందులో వాదం లేదు. కానీ అడ్డా కూలీని ఎవరూ పంపలేదు. ఇక్కడ పంపింది ప్రభుత్వం. తన చేతులతో పంపినవారినే కాపాడుకోలేని ప్రభుత్వం, భద్రత చూసుకోమని ప్రైవేటు మేస్త్రీకి ఏ మొహంతో చెబుతుంది?

చేయాల్సినవి కొండంత పనులు కావు. హాజరు ఫోటోతో పాటు నీడ, నీళ్లు, మందుల పెట్టె ఫోటో పడితేనే ఆ రోజు మస్టరు తెరుచుకోవాలి. యాప్ చేతిలోనే ఉంది. లోతుగా తవ్వే పనికి కొలత వేసే ఇంజనీరు, గట్టు ఎంత వాలుగా తవ్వాలో, తీసిన మట్టి అంచుకు ఎంత దూరంలో పోయాలో కూడా రాసివ్వాలి. ప్రమాదం చూసి వెనక్కి తిరిగినవారికి భృతి, హాజరు, మరో చోట పని మూడూ నిలవాలి. చనిపోయినా, అవిటితనం వచ్చినా పరిహారం 1923 చట్టం కొలతకు తగ్గకూడదు, అది పంపినవారి మీదా చేయించుకున్నవారి మీదా ఉమ్మడి బాకీ కావాలి. ప్రతి గాయం ఒక రిజిస్టరులోకి ఎక్కాలి, ఆ రిజిస్టరును గ్రామసభలో సామాజిక తనిఖీ బృందం చదవాలి. దొంగ మస్టర్లను ఊరి నడిమధ్యన బయటపెట్టడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. దొంగ లెక్కను పట్టుకున్న ఆ పద్ధతికి రాలిన గట్టును పట్టుకోవడం కష్టం కాదు. వేసవిలో పని కొలత తగ్గించి అదే కూలి ఇచ్చే వేసవి భత్యం మన దగ్గర అమలైంది. ఎండ ఒంటి మీద ఏం చేస్తుందో ప్రభుత్వం ఒకప్పుడు లెక్కగట్టిందనడానికి అదే రుజువు. చట్టాల పేర్లు మారవచ్చు, పని రోజుల సంఖ్య మారవచ్చు. ఈ షరతులు ఏ పేరు కిందనైనా ఇమిడిపోతాయి.

చివరిగా మళ్లీ నీడ దగ్గరికే. నాలుగు గుంజలు, వాటి మీద పరిచి కట్టిన ఒక ముతక గుడ్డ: చట్టం అడిగిన నీడ అంతకంటే పెద్దది కాదు. ఈ వాడలో ఏ మగ్గం మీదనైనా అంత గుడ్డ నేయించుకోవచ్చు, పని లేక ఆగిన మగ్గం మీదనైతే ఇంకా త్వరగా. ఆ గుడ్డ కట్టించడం ఎవరి పని అన్న ప్రశ్నకు తీలేరులో పదిమందిని పోగొట్టుకున్నాక కూడా పేరు పెట్టి జవాబు రాసుకోలేకపోతే, అది తెలియక చేసిన తప్పు అనిపించుకోదు. ఆ జవాబు ఒక్క వరస. పనికి ఎవరు పంపారో, నీడ కట్టించాల్సింది కూడా వారే.